ఎవరి అర వారిది

మా యింట్లో కంప్యూటరు ఒక్కటే. ముందుగదిలో కిటికీ పక్కన, వచ్చేపోయే ప్రతివారికీ కనబడేలా వుంటుంది. అబ్బాయి కాలేజీ పాఠాలూ, మా ఆవిడ వంటల వీడియోలూ, నా ఇన్‌కంటాక్సు కాగితాలూ అన్నీ దాన్లోనే. ఉమ్మడి కుటుంబమన్నమాట. ఉమ్మడి కుటుంబంలో వుండే చిక్కులన్నీ దానికీ వున్నాయి.

కిందటేడు మా బావమరిది అప్పుకు నేను హామీ సంతకం పెట్టాను. అక్కయ్యకు తెలియకూడదని వాడి షరతు. కాగితాలు స్కాను చేసి ఒక ఫోల్డరులో పడేసి, ప్రాపర్టీస్‌లో ‘హిడెన్’ అన్నచోట టిక్కు పెట్టాను. ఫోల్డరు మాయం! గోడలో నిధి దాచినవాడిలా నాలుగు రోజులు తిరిగాను. అయిదో రోజున మా వాడు, “నాన్నా, ఈ హామీ పత్రం ఏమిటి?” అన్నాడు. వాడు పెద్ద విద్యలేమీ ప్రయోగించలేదు. ‘వ్యూ’లోకి వెళ్ళి ‘హిడెన్ ఐటమ్స్’ నొక్కాడు, అంతే. గుమ్మం ముందు చాపకింద తాళంచెవి పెట్టి ఊరెళ్ళినట్టుంది నా పని.

అప్పటినుంచీ ఎవరి ఖాతా వారికి, ఎవరి పాస్‌వర్డు వారికి ఏర్పాటు చేశాను. ఇంటి యజమానిని గనక అడ్మినిస్ట్రేటరు పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను.

మా ఆవిడ తన ఖాతాలో సాయంత్రం పూట కూచుని ఏదో టైపు చేసుకునేది. నేను వెడితే తెర మార్చేసేది. ఏమిటంటే, “ఏదో లెండి” అనేది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో నాకు తెలియని ‘ఏదో’ ఒకటి వుందనేసరికి నిద్ర పట్టలేదు సుమండీ.

ఒక రాత్రి నా ఖాతాలోంచి ఆవిడ ఫోల్డరు మీద నొక్కాను. ‘మీకు అనుమతి లేదు’ అన్నది విండోస్. బాగానే వుంది. కాని ఆ కిందనే ‘కంటిన్యూ’ అని ఒక మీట. అడ్మినిస్ట్రేటరు అది నొక్కితే అనుమతి దానంతటదే వచ్చేస్తుంది, అదీ శాశ్వతంగా! వంటింట్లో ఆవిడ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. వేలు మీట మీద ఎంతసేపుందో చెప్పలేను. చివరికి కంప్యూటరు ఆపేసి వెళ్ళి పడుకున్నాను.

పొద్దున్న కాఫీ దగ్గర జరిగింది చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

“అయితే తలుపుకు గొళ్ళెం పెట్టి, గోడ లేకుండా ఇచ్చారన్నమాట నా గది,” అన్నది.

నిజమే. అంతకన్న పెద్ద లోపం ఇంకొకటుంది. రిపేరుకిచ్చినప్పుడు ఎవరైనా డిస్కు వూడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే, లోపలి సరుకు ఎన్‌క్రిప్టు చేసి వుండకపోతే, ఖాతా పాస్‌వర్డు ఎందుకూ కొరగాదు. ఎన్‌క్రిప్టు చెయ్యడమంటే రాతనే గుర్తుపట్టలేనట్టు మార్చెయ్యడం. పాస్‌వర్డు లేనిదే అది తిరిగి రాత కాదు.

ఆ ఆదివారం వెరాక్రిప్ట్ దింపుకున్నాం. డబ్బివ్వక్కర్లేదు. పాత ట్రూక్రిప్ట్ ఆధారంగా 2013లో వచ్చింది. ఇంత పరిమాణమని చెబితే పెట్టెలాంటి ఫైలొకటి తయారుచేస్తుంది. పాస్‌వర్డు కొడితే డ్రైవులా తెరుచుకుంటుంది, పని అయ్యాక మూసెయ్యాలి. తయారయ్యేటప్పుడు మౌసు ఇష్టమొచ్చినట్టు తిప్పమంటుంది. ఆ తిప్పుడులోంచే తాళానికి కావలసిన గజిబిజి తీసుకుంటుందిట. మా ఆవిడ మజ్జిగ చిలికినట్టు తిప్పేసింది. పాస్‌వర్డు ఇరవై అక్షరాలకు తగ్గవద్దని దాని సలహా. నన్ను గోడవైపు తిరగమంది. తిరిగాను. టకటకలు లెక్కపెట్టాను కూడా, ముప్ఫైనాలుగు.

పెట్టెను చదవలేకపోయినా చెరిపెయ్యడం ఎవరికైనా సాధ్యమే గనక, నకలొకటి పెన్‌డ్రైవులో పెట్టించాను. మరి పాస్‌వర్డు మరిచిపోతే? తెరిచేవాడు లేడు. ఆ మాట విని ఆవిడ లేచి వెళ్ళి, కాగితం మీద ఏదో రాసి, కవరులో పెట్టి జిగురంటించి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది.

“నాకేమైనా అయితే అబ్బాయి చేత తెరిపించండి. అంతవరకు ముట్టుకోవద్దు,” అన్నది. ఆ పైన, తాళంచెవులు బొడ్లో దోపుకుంటూ,

“మీరూ ఒక కవరు రాసి పెట్టండి. మా తమ్ముడి హామీ కాగితాలు రేపెవరికైనా కావలసొస్తాయిగా!”