క్లచ్ తీగ కూడా ఇంటి పనే

మన ఇళ్లల్ల బండికి ఇజ్జత్ తక్కువేం గాదు. పండగ ముందు రోజు కడుగుతరు, సీటుకి కొత్త కవర్ తొడుగుతరు, ట్యాంకు మీద స్టిక్కర్ అతికిస్తరు. గని ఎడమ చేతి కింద రోజుకి ఎన్నిసార్లు నొక్కుతమో లెక్క లేని ఆ క్లచ్ తీగ దిక్కు కన్నెత్తి చూసేటోళ్లు ఎంతమంది? తెగినంక చూస్తరు. అప్పటికి బండి ఏ ఫ్లైఓవర్ మీదనో ఆగి ఉంటది. వెనక హారన్ల మోత, వెనక సీటు మీద సామాన్ల సంచులు పట్టుకొని అమ్మీ.

నా రాయ్ సాఫ్‌గ చెప్త. క్లచ్ కేబుల్ సెట్ చేసుకునుడు మెకానిక్ పని గాదు. బియ్యం ఏరుడు, కూలర్ల నీళ్లు పోసుడు లెక్క అది ఇంటి పని. బండి తోలే ప్రతి ఒక్కరికీ, బేటాకైనా బేటీకైనా, అది రావాలె.

ఇందుల పెద్ద రాజ్ ఏం లేదు. సన్నటి ఉక్కు తీగలు మెలేసి ఒక్క తీగ చేస్తరు, దాన్ని గొట్టంల పెడతరు. బౌడెన్ అనే ఆయన 1896ల పేటెంట్ తీసుకున్న తరీఖా ఇది, ఇప్పటికీ అదే నడుస్తున్నది. లీవర్ పట్టుకుంటే తీగ గుంజుకుంటది, ఇంజన్ దగ్గరున్న చిన్న చెయ్యి తిరుగుతది, లోపల ఒకదాన్నొకటి నొక్కుకొని ఉన్న ప్లేట్లు జరా వదులైతయి. లీవర్ ఒదిలేస్తే స్ప్రింగులు వాటిని మళ్ల గట్టిగ నొక్కుతయి. ఒదిలినప్పుడు తీగ పూరా ఆరాంల ఉండాలె. అందుకే లీవర్‌కి జరంత ఢీలా ఇస్తరు. మామూలు కమ్యూటర్ బండ్లల్ల లీవర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు, అంటే అందాజాగ చిటికెన వేలంత. మీ బండికి ఎంతనో బండితోటి ఇచ్చిన కితాబ్‌ల రాసి ఉంటది. బిల్లు కాయితాల నడుమ అది భద్రంగనే ఉంటది, తెరిచి చూసినోళ్లే ఉండరు.

ఇగ లడాయి ఇక్కడే మొదలైతది. మన నౌజవాన్లకు ఢీలా అంటే నచ్చది. "భాయ్, జర టైట్ చెయ్, ముట్టుకుంటే పట్టాలె" అంటరు. ఢీలా లేకుంట బిగిస్తే ఏమైతది? లీవర్ ఒదిలినా తీగ ఇంకా గుంజుతనే ఉంటది. ప్లేట్లు పూరా కలవయి. ఒకదాని మీద ఒకటి జారుకుంట, కాలుకుంట తిరుగుతయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తది గని బండి కదలది. పెట్రోలు మాత్రం తాగుతది. కొన్నాళ్లకు మాడిన వాసన. అప్పుడు మెకానిక్ "క్లచ్ ప్లేట్లు పోయినయి" అంటే ఆయన మీదనే షక్ చేస్తరు. తీగ ఖరీదుకి ఎన్నో రెట్లయిన ఖర్చు అది. పొద్దుగాల నుంచి రాత్రి దాకా బండి మీదనే రోజీ సంపాయించే డెలివరీ పిల్లగానికైతే రెండు రోజుల పని కూడా దానితోటే పోతది.

ఢీలా మరీ ఎక్కువున్నా ఖరాబే. లీవర్ ఆఖరి దాకా పట్టినా ప్లేట్లు విడవయి. ఫస్ట్ గేర్‌ల బండి ముందుకు పాకుతనే ఉంటది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకది, గేర్ వేస్తే ఖట్‌మని కొడతది. ఇంకో మాట చాలమందికి తెల్వది. తీగ సాగితే ఢీలా పెరుగుతది, గని చాన బండ్లల్ల లోపల ప్లేట్లు అరుగుతుంటే ఢీలా తగ్గుతది. అందుకే ఒక్కసారి సెట్ చేసి బేఫికర్‌గ ఉంటే కుదరది, నెలకోసారన్న చూడాలె.

పని ఎట్ల అంటరా? లీవర్ దగ్గర రబ్బర్ టోపీ వెనక్కి జరపండి. ఒక మర, దాని మీద ఒక లాక్ నట్ కనపడతయి. లాక్ నట్ వదులు చేసి, మరను బయటికి తిప్పితే ఢీలా తగ్గుతది, లోపలికి తిప్పితే పెరుగుతది. సరిపోయినంక లాక్ నట్ బిగించాలె. మర చాన బయటికి వొచ్చిందంటే ఇంక దాన్ని లాగొద్దు. మొత్తం లోపలికి తిప్పేసి, ఇంజన్ దగ్గర కింద ఉన్న నట్లతోని పానా పెట్టి సెట్ చేయాలె. మరకీ లాక్ నట్‌కీ సన్నటి చీలికలుంటయి, తీగ తీసేది వాటిల నుంచే. పని అయినంక అవి రెండూ ఒక్క వరుసల ఉండొద్దు, ఉంటే తీగ జారొచ్చు, వాన నీళ్లు కూడా దిగుతయి. ఆఖరుకి న్యూట్రల్‌ల ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ని ఆ చివరికి ఈ చివరికి తిప్పి చూడాలె. తిప్పితే ఢీలా మారిందంటే తీగ ఎక్కడనో ఇరుక్కున్నట్టు.

లీవర్ గట్టిపడితే దుక్కలోని లెక్క చెయ్యి బిగించి నొక్కకండి, అది తీగ చేసే ఫిర్యాద్. లీవర్ దగ్గర తీగ కొసకి గుండు ఉంటది గదా, దాని పక్కన చూడండి. ఒక్క పోగు తెగి వేలికి గుచ్చుకుంటున్నా సరే, ఆ తీగ రుఖ్సత్ తీసుకుంటున్నట్టే, మార్చేయండి. పోగులు బాగుంటే నూనె చాలు. తీగ పై కొస ఊడదీసి, పాలిథిన్ ముక్కను గరాటు లెక్క చుట్టి దారంతోని కట్టి, దాంట్ల జరంత పల్చటి ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వేలాడదీయాలె. పొద్దుగాలకు కింద నుంచి చుక్క కారితే పని అయినట్టే. వంటింటి నూనె మాత్రం పోయకండి, కొన్నాళ్లకు జిగటై తీగనే పట్టేస్తది.

"అందరూ ఇంట్లనే చేసుకుంటే మన ఉస్తాద్‌ల కడుపు మీద కొట్టినట్టు గాదా?" అని అడిగేటోళ్లుంటరు. సవాల్ సహీనే. మన బస్తీలల్ల ఎన్ని ఇళ్లల్ల పొయ్యి వెలిగేది ఆ పానాలతోనే గదా. గని క్లచ్ టైట్ చేసినందుకు ఏ ఉస్తాద్ పైసలు అడుగుతడు? ఇంకొకరి ఇంజన్ విప్పుకొని కూసున్నోణ్ని లేపి, ముఫ్త్‌ల చేయించుకొని, "షుక్రియా భాయ్" అని పోతం. ఆయన హునర్‌కి నిజమైన మజ్‌దూరీ దొరికేది ఇంజన్ పనికి. ఆ పని ఆయనకి ఒదిలిపెట్టి, ఈ రెండు నిమిషాల పని మనం చేసుకునుడే ఆయనకిచ్చే ఇజ్జత్.

ఇజ్జత్ అంటే యాదికొచ్చింది. షెడ్డుల షాగిర్ద్‌గ చేరిన పన్నెండేళ్ల పిల్లగాణ్ని చూసి "చద్వు అబ్బలేదు" అంటం. వాడు అక్కడ గాదు, బడిల ఉండాలె, అందుల బహస్ లేదు. గని మెకానికల్ ఇంజనీరింగ్ పాసైన మన సాహెబ్‌జాదా అదే పిల్లగాని ముందు బండి నిలబెట్టి "క్లచ్ పడతలేదు, జర చూడు" అంటుంటే, ఆ డిగ్రీ మీద నాకు జాలేస్తది. చేతులకు నూనె అంటితే ఖాన్‌దాన్ పేరు పోతదని ఎవరు నేర్పిండ్రో మనకు!

ఆడపిల్లలకు స్కూటీ కొనిచ్చినం, దానికి క్లచ్ లీవరే లేదు, వాళ్లకెందుకిది అంటరా? డ్రమ్ బ్రేకులున్న స్కూటీల బ్రేకు పట్టేది కూడా ఇసొంటి తీగనే. సాగితే, తుప్పు పడితే బ్రేకు అందది. ఇది క్లచ్ కంటె ఖతర్నాక్. దాని ఢీలా చూసుకునుడు కూడా పిల్లకు తెలిసి ఉండాలె. చెల్లెలికి హెల్మెట్ కొనిచ్చే భయ్యాలు, ఒక చిన్న పానా కూడా కొనిచ్చి పక్కన కూసోబెట్టుకొని చూపించాలె.

దూరం పోయేటోళ్లకు ఇంకొక్క మాట. లదాఖ్ దిక్కు బుల్లెట్ల మీద పోయేటోళ్లు కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే, అదే తోవల పెట్టి టేపుతోని కట్టుకొని పోతరు. పాతది తెగితే రెండు కొసలు తగిలించుడే, ట్యాంకు విప్పే పని లేదు. హైదరాబాద్ నుంచి గుల్బర్గాకో, కర్నూల్ నుంచి కడపకో బండి మీద పోయేటోళ్లు కూడా గిదే చేయొచ్చు. కొనేటప్పుడు పాత తీగ చేతిల పట్టుకొని పోండి. పొడుగు, కొసల గుండ్లు బండికో తీరుగ ఉంటయి. పక్క పక్కన పెట్టి చూసుకున్నంకనే పైసలియ్యండి.