గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు



ఈ రోజు కొబ్బరి ధర గురించి కాదు, జీడి పిక్కల గురించీ కాదు, కాలి గోరు గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివాక నవ్వు వస్తే అప్పుడు నవ్వండి.

పోయిన ఏడాది ఉభాల ముందు నా కుడికాలి బొటనవేలి గోరు పక్కన మాంసంలోకి దిగింది. మీలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. బ్లేడు పెట్టి మూల లోతుగా కోసేశాను. రెండు రోజులు హాయిగా ఉంది. పది రోజులకి మళ్లీ పోటు, ఈసారి చీముతో సహా. పసుపు పెట్టాను, సున్నం పెట్టాను, ఎవరో చెబితే నిమ్మకాయ కూడా తొడిగాను. బురదలో దిగడం మాత్రం మానలేదు. ఆఖరికి మందుల షాపుకెళ్లి "నొప్పికి ఏదో ఒకటి ఇవ్వు బాబూ" అని అడిగి, ఇచ్చిన బిళ్లలు వారం రోజులు మింగాను.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన వేలు చూసేముందే అడిగిన మాట: "క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నావు?" వేలు నొప్పి అని వెళ్తే కిడ్నీ సంగతి అడుగుతాడేంటి అనుకున్నాను. ఆయన చెప్పాక తల దించుకున్నాను.

మనది ఉద్దానం. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ ఊరు తీసుకున్నా కిడ్నీ జబ్బు తెలియని వీధి తక్కువ. దానికి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. కానీ ఒక సంగతి డాక్టర్లందరూ చెబుతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు, నొప్పి ఇంజెక్షన్లు బలహీనపడ్డ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా అవి మింగితే మరీ ప్రమాదం. కిడ్నీ జబ్బు మొదట్లో పైకి ఏమీ తెలియదు. "నాకేం లేదు" అని మనం అనుకోవడమే గానీ పరీక్ష చేయకుండా ఎవరికి తెలుసు?

అందుకే నేను చెప్పేది ఒక్కటే. వేలి నొప్పికి బిళ్ల మింగి పొలం వెళ్లడం మగతనం కాదు, మూర్ఖత్వం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మంచిదే. కానీ గోరు కోసం మింగిన బిళ్లలతో మనం అక్కడికి చేరకూడదు కదా!

అసలు గోరు ఎందుకు దిగుతుంది? మూలలు గుండ్రంగా, లోతుగా కోస్తే ఆ ఖాళీలోకి మాంసం పైకి లేస్తుంది. గోరు పెరుగుతూ వచ్చి అందులోనే గుచ్చుకుంటుంది. ముందు బిగుతుగా ఉన్న బూట్లు, వేలి మీద పడ్డ దెబ్బ, ఎప్పుడూ తడిగా ఉండే పాదం కూడా కారణాలే. బడికెళ్లే పిల్లలకి పాత బూట్లు ఇరుకైనా తొడిగిస్తాం. అదీ చూసుకోండి.

గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మరీ పొట్టిగా వద్దు, మూలలు తవ్వొద్దు. స్నానం అయ్యాక గోరు మెత్తగా ఉన్నప్పుడు కోస్తే సులువు. పొలం నుంచి రాగానే కాళ్లు సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య కూడా పొడిగుడ్డతో తుడవండి.

నొప్పి మొదలైతే గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు వేసి రోజుకి మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున కాలు పెట్టండి. తర్వాత బాగా ఆరబెట్టండి. ముందు తెరిచి ఉన్న చెప్పులే వేసుకోండి. నొప్పి ఆగకపోతే పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

చీము పట్టినా, వేలు ఎర్రగా వాచినా, పక్కన మాంసం పెరిగినా ఇంటి వైద్యం ఆపేయండి. డాక్టరు వేలికి మత్తు ఇచ్చి, గుచ్చుకున్న అంచు మాత్రం తీసి, అది మళ్లీ మొలవకుండా వేరు దగ్గర మందు పెడతారు. చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తారు. టి.టి. ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. కిడ్నీ సంగతి ఉంటే మొదటే చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్ మందుల మోతాదు కూడా దాన్నిబట్టే మారుతుంది.

షుగరు ఉన్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆగొద్దు, సొంతంగా కోయొద్దు. స్పర్శ తగ్గిన కాలికి నీళ్ల వేడి కూడా తెలియదు. చిన్న పుండు వేలు తీసేదాకా పోతుంది.

"ఒకరోజు కూలి పోతుంది" అంటారు. నాకు బ్లేడు వైద్యం వల్ల ఉభాల్లో పన్నెండు రోజులు పోయాయి. లెక్క మీరే వేసుకోండి. ఈ రాత్రి పడుకునేముందు మీ కాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు ఒక్కసారి దీపం వెలుగులో చూడండి. క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో కూడా గుర్తు తెచ్చుకోండి.

ఉంటాను.