తండేలు మన మాటే

మెటియాబ్రుజ్ అంటే ఇవాళ కోల్‌కతావాసులకు కుట్టుమిషన్లు, రెడీమేడ్ బట్టల సంత. చరిత్ర చదివినవాళ్లకు, 1856లో రాజ్యం పోయి వచ్చి అక్కడే కన్నుమూసిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా. ఆ హుగ్లీ ఒడ్డుదే ఇంకో కథ ఉంది. పక్కనున్న ఖిదిర్‌పూర్ రేవులో ఆవిరి ఓడలెక్కి లండన్ దాకా వెళ్లిన లాస్కర్ల, అంటే మన దేశపు ఓడ కళాసీల కథ అది. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన బెంగాల్, అస్సాం లాస్కర్లు 896 మందికి కోల్‌కతా హేస్టింగ్స్‌లో 1924లో స్మారకం కట్టారు.

లాస్కర్లకు పెద్ద సరంగు. అతని తర్వాతివాడు టిండాల్. ఇంగ్లిషువాళ్లు తమదిగా రాసుకున్న ఈ మాటకు మూలాలు చెబుతూ 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు మలయాళ ‘తండల్’ పక్కనే తెలుగు ‘తండేలు’ను చూపింది. మరాఠీలోనూ ఇతర భాషల్లోనూ తండేల్, తండైల్. పుట్టుక మీద పండితులకు ఏకాభిప్రాయం కుదరలేదు. తెడ్డు లాగేవాడని కొందరు, మనుషుల వరసను నడిపేవాడని కొందరు. అర్థాలూ ఒకటి కాదు. ఓడ మీద సరంగుకు సహాయకుడు, ఫిరంగుల శాఖలో లాస్కర్ల మీద పెద్ద, ప్రభుత్వ పనుల్లో కూలీల ముఠామేస్త్రి. ఎక్కడున్నా పదిమందితో పని చేయించి, వాళ్ల మంచిచెడ్డలకు జవాబు చెప్పుకునేవాడే.

2025లో ‘తండేల్’ సినిమా వచ్చినప్పుడు అది గుజరాతీ మాట అన్నారు. శ్రీకాకుళం మత్స్యకారులు వలస వెళ్లే గుజరాత్ రేవు వెరావల్‌లో బోటు పెద్దను అలాగే పిలుస్తారు, నిజమే. 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మనవాళ్ల కథే ఆ సినిమాకు ఆధారం. అయినా నూట ముప్పై తొమ్మిదేళ్ల ముందే నిఘంటువుకెక్కిన తెలుగు రూపాన్ని పక్కన పెట్టి, మన మాటను పొరుగువాళ్లకు రాసిచ్చేయడం నాకు సమ్మతం కాదు. పైనుంచి అరువొచ్చిందే అనుకుందాం. గోదావరిలో లాంచీ నడిపేవాణ్ని సరంగు అంటున్నాం. అదీ పారశీకం నుంచి వచ్చిందే, దాన్ని పరాయి మాట అని ఎవరన్నారు? తండేలుకూ అదే న్యాయం.

సినిమా పేరు పొల్లుతో స్థిరపడింది, ఉండనివ్వండి. వార్తల్లో, పాఠ్యపుస్తకాల్లో మాత్రం అజంతంగా ‘తండేలు’ అనే రాయాలి. మీ ఊళ్లో వెరావల్ వెళ్లొచ్చిన తండేలు ఉంటే, బోటు మీద ఆయన వాడే మాటలన్నీ అడిగి రాసి ఈ శీర్షికకు పంపండి.