ముందు పాఠాలు దాచుకుందాం

ఉప్పర్వాహి లాంటి సిమెంటు ఊళ్లలో, బల్లార్‌పూర్, రాజురా వైపు తెలుగు కుటుంబాల్లో పెద్దపిల్లలు ఫిగ్మా నేర్పమంటున్నారు. టీచర్లేమో ముందు గూగుల్ డ్రైవ్ కావాలంటున్నారు. యాప్ తయారు కాకముందే దాని తెరలు గీసి, నొక్కితే ఒక తెర నుంచి ఇంకో తెరకు ఎలా వెళ్తుందో చూపేది ఫిగ్మా. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచేది డ్రైవ్. ఫిగ్మాను విద్యార్థులకు, టీచర్లకు ఉచితంగానే ఇస్తారు. డ్రైవ్‌లోనూ 15 జీబీ దాకా ఉచితమే. కాబట్టి ఇక్కడ లెక్క డబ్బుది కాదు, టీచరు సమయానిది.

మా ఓటు డ్రైవ్‌కే. మరాఠీ టీచరుకు ఒక ప్రశ్నపత్రం కావాలంటే పక్క బడిలో అడిగితే సరిపోతుంది. మన తెలుగు టీచరుకు పక్క తెలుగు బడి ఎక్కడో ఉంటుంది. అందుకే గుణింతాల చార్టులు, ఒత్తుల అభ్యాసాలు, మరాఠీ మాటలకు తెలుగు అర్థాలు రాత్రిళ్లు కూర్చుని తానే తయారు చేసుకుంటుంది. అవన్నీ ఆమె ఫోన్‌లో, వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. ఆమె వెళ్లిపోయినా, ఫోన్ పాడైనా అన్నీ పోయినట్టే. కొత్తగా వచ్చినవారు మళ్లీ అ, ఆల దగ్గర మొదలుపెట్టాలి.

అయితే ఖాతా టీచరు సొంతపేరు మీద కాక బడి పేరు మీద ఉండాలి. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించే అవకాశం ఉంది. ఆ 15 జీబీలోనే మెయిల్, ఫొటోలు కూడా ఉంటాయి. వార్షికోత్సవం వీడియోలు రెండేళ్లవి ఎక్కిస్తే పాఠాలకు చోటుండదు, ఆ సంబరాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. పిల్లల మార్కులు, ఫొటోలు ఉన్న ఫోల్డర్‌ను 'లింకు ఉన్నవారెవరైనా' అనే సెట్టింగ్‌లో ఎప్పుడూ వదలొద్దు.

మన భాషకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో గజిబిజి గుర్తులుగా తెరుచుకుంటుంది. వెతికినా తెలుగు మాట దొరకదు. అలాంటివి దాచినా ఉపయోగం తక్కువ. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఫైలు పేరులో తరగతి, పాఠం, సంవత్సరం తెలుగులోనే రాయాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఒక్కసారి చేస్తే చాలు.

ఫిగ్మా వద్దనడం లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు తమ గ్రంథాలయానికి యాప్ ఊహించుకుంటే ముందు నోటుపుస్తకం కాగితాల మీద తెరలు గీయనివ్వండి. ఒకరు వేలితో నొక్కితే ఇంకొకరు తర్వాతి కాగితం పెడతారు. డిజైనర్లూ ఇలాగే మొదలుపెడతారు. నెట్ ఆగినా ఈ పని ఆగదు. అది బాగా కుదిరిన పిల్లలకు వచ్చే ఏడాది ఫిగ్మా తెరవండి.

ఈలోగా తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి: పోయినేడు తెలుగు ప్రశ్నపత్రాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?