గోడ మీద చుక్క

పోయిన నెల మా హాల్లో ఒక పటం తగిలించాను. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం, చుట్టూ రంగుల పట్టీలు. అంతే. సయ్యద్ హైదర్ రజా గారి 'బిందు' చిత్రాల్లో ఒకదానికి ప్రింటు. ఫ్రేముతో కలిపి 4,800 రూపాయలు.

"ఈ డబ్బుకి మంచి మిక్సీ వచ్చేది కదా" అన్నారు మావారు. "ఇది నేనూ గీసేస్తా" అన్నాడు మా అబ్బాయి. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు.

మిక్సీ వచ్చేదే. 22 ఏళ్ళుగా ఈ ఇంటికి కుక్కర్లూ, కర్టెన్లూ, దుప్పట్లూ కొంటున్నదాన్ని, నాకు తెలియదా? అవన్నీ ఇంటి కోసం. నా కళ్ళ కోసం కొన్నది ఇదొక్కటే. ఏది కొన్నా "ఎందుకు పనికొస్తుంది?" అన్నదానికి లెక్క చెప్పే అలవాటు మనకి ఎంత ముదిరిందంటే, నచ్చింది కాబట్టి కొన్నాను అనడానికి నోరు రాదు. ఈసారి అన్నాను.

"అసలుది కాదుగా, నకలే కదా" అని ఇంకో మాట. అసలువి కోట్లు పలుకుతాయి, మనవల్ల కాదు. మరి మన పూజగదిలో లక్ష్మీదేవి పటం మాత్రం? రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి అచ్చు వేయించబట్టే ఆ దేవతలు మామూలు ఇళ్ళకి వచ్చారు. అచ్చు బొమ్మకి దణ్ణం పెట్టుకోవచ్చు గానీ, అచ్చు బొమ్మని చూసి సంతోషించకూడదా?

కొనేటప్పుడు మాత్రం, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకేనా అని అడగండి. అద్దం కాగితానికి అంటుకోకుండా మధ్యలో మౌంటు పెట్టించండి. ఎండ తగిలే గోడకి వద్దు. సోఫా రంగుకి సరిపోతుందని మాత్రం కొనకండి. సోఫా మారిపోతుంది.

రజా గారు 1922లో మధ్యప్రదేశ్‌లో పుట్టారు. బడిలో మనసు నిలవని పిల్లాడని ఓ మాస్టారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ ఉండమన్నారట. 1950లో ఫ్రాన్స్ వెళ్ళి దశాబ్దాలు అక్కడే ఉన్న మనిషి, మళ్ళీ ఆ చుక్క దగ్గరికే వచ్చారు.

మొన్న మధ్యాహ్నం అత్తయ్యగారు పటానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ముగ్గు వేయడం మానేసి రెండేళ్ళయింది.

"ఏం చూస్తున్నారు అత్తయ్యా?" అన్నాను.

"మొదటి చుక్క పెట్టి ఆపేశాడు. మిగతావి నేను పెట్టుకుంటున్నా" అన్నారు.

మిక్సీ దసరాకి కొంటాను లెండి. పాతది ఇంకా తిరుగుతూనే ఉంది.