కుర్చీ పెద్దది, జీతం పాతది... ఇన్‌చార్జి వెట్టి ఇంకెన్నాళ్లు?

ఏ మండల ఆఫీసుకైనా పోండి. ఏ జిల్లా ఆఫీసులోనైనా ఒక్కో సెక్షన్ తొంగి చూడండి. అధికారి పేరు పక్కన బోర్డు మీద ఒక చిన్న మాట కనబడుతుంది. ‘ఇన్‌చార్జి’. కొన్నిచోట్ల ‘ఎఫ్ఏసీ’ అని ఉంటుంది. అంటే ఫుల్ అడిషనల్ చార్జి. చూసేవాళ్లకు అది హోదా. మోసేవాడికి అది గోస.

సీనియర్ అసిస్టెంట్ సూపరింటెండెంట్ ఫైళ్లు చూస్తాడు. హైస్కూల్ హెడ్మాస్టర్ తన బడి నడుపుకుంటూనే ఎంఈవోగా మండలంలోని బడులన్నిటికీ జవాబుదారీ అవుతాడు. సంతకం పై అధికారి హోదాలో పెట్టాలి. మీటింగులకు ఆ హోదాలో పోవాలి. ఆడిట్ అభ్యంతరం వస్తే మెమో అందుకునేది కూడా ఆయనే. జీతం మాత్రం పాత కుర్చీదే. రేపు రిటైర్ అయితే పెన్షన్ లెక్క కట్టేది కూడా ఆ పాత జీతం మీదనే.

మొదటి రోజు పై అధికారి పిలిచి ఏమంటాడు? “జర చూసుకోండి సారూ, రెండు నెలల ముచ్చటే” అంటాడు. ఆ రెండు నెలలు రెండేండ్లవుతాయి. అడిగితే మొండోడంటారు. అడగకపోతే మంచోడంటారు. మంచితనానికి సర్కారు కట్టిన ధర ఇదేనా?

నిజాం కాలంలో దొర గడీకి పిలిస్తే కూలి అడగకుండా పని చేయాల్సి వచ్చేది. దాన్ని వెట్టి అన్నారు. నెలనెలా జీతం అందుకునే ఉద్యోగి కష్టాన్ని ఆ పేదల కష్టంతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఒక లక్షణం మాత్రం అదే. పని చెప్పేటోడికి హక్కు ఉంటుంది, చేసేటోడికి కూలి అడిగే హక్కు ఉండదు. అందుకే ఆ మాట వాడుతున్నాం.

రూల్ లేదా అంటే ఉంది. ఫండమెంటల్ రూల్స్‌లో 49వ రూల్ దీని కోసమే ఉంది. ఇంకో పోస్టు పూర్తి బాధ్యత అప్పగిస్తూ ఆర్డర్ ఇస్తే అదనపు అలవెన్సు ఇవ్వాలి. కిటుకు అంతా ఇక్కడే ఉంది. ‘రొటీన్ పనులు చూసుకో’ అని ఆర్డర్ రాస్తే పైసా కూడా ఇవ్వనక్కరలేదు. పూర్తి బాధ్యత అని రాసినా ఆ అలవెన్సు కొన్ని నెలలకే. గడువు దాటితే అలవెన్సు ఆగుతుంది. పని ఆగదు. అంటే ఎంత ఎక్కువ కాలం మోస్తే అంత తక్కువ గిట్టుబాటు!

సుప్రీంకోర్టు ఏమన్నది? 1998లో అండమాన్‌కు చెందిన ఒక ప్రైమరీ స్కూల్ టీచర్ కేసు వచ్చింది. ఆయనతో స్కౌట్స్ కార్యదర్శి పని చేయించారు. ఆ పోస్టులో ఆయనకు ప్రమోషన్ హక్కు లేకపోయినా, పని చేసిన కాలానికి ఆ పోస్టు జీతం ఇవ్వాలని కోర్టు చెప్పింది. అదే ఏడాది చండీగఢ్ ఉద్యోగి కేసులో ఇంకో మాట చెప్పింది. ‘పై పోస్టు జీతం అడగను’ అని ముందే రాయించుకున్న హామీ పత్రం చెల్లదన్నది. అట్లాంటి ఒప్పందం చట్టానికీ ప్రజా విధానానికీ విరుద్ధమన్నది. అట్లని ప్రతి ఇన్‌చార్జికీ పై జీతం వస్తుందని మురిసిపోవద్దు. వట్టి చార్జి అప్పగిస్తే అది ప్రమోషన్ కాదని 1991లో అదే కోర్టు చెప్పింది. కాబట్టి అంతా ఆర్డర్‌లో రాసిన మాటల మీద ఆధారపడి ఉంది. నోటిమాట మీద చార్జి తీసుకున్నవాడు కోర్టుకు పోయినా చేతిలో కాగితం ఉండదు.

సర్కారు దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. ప్రమోషన్ రాకపోయినా 6, 12, 18, 24 ఏండ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ఉంది కదా అంటారు. అది ఒకే పోస్టులో ఏండ్ల తరబడి ఆగిపోయినందుకు ఇచ్చేది. పై పోస్టు బరువు మోసినందుకు ఇచ్చేది కాదు. రెంటినీ కలిపి లెక్క చెప్పడం ఉద్యోగిని మభ్యపెట్టడమే.

ఈ ముచ్చట ఉద్యోగులది మాత్రమే అనుకునే విద్యార్థులు ఒక్క నిమిషం ఆగండి. సూపరింటెండెంట్ పోస్టుకు సీనియర్ అసిస్టెంట్‌ను ప్రమోట్ చేస్తే ఆయన సీటు ఖాళీ అవుతుంది. ఆ సీటుకు జూనియర్ అసిస్టెంట్ పోతే కింద ఇంకో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీకే నోటిఫికేషన్ రావాలి. పైన ఒక్క కుర్చీని ఇన్‌చార్జితో నడిపిస్తే ఈ గొలుసు మొత్తం ఆగిపోతుంది. లైబ్రరీలో కూసొని చదివే బిడ్డ కొలువు ఆ ఇన్‌చార్జి బోర్డు వెనుకనే ఇరుక్కుని ఉంది.

ఈ లెక్క మనకు కొత్తది కాదు. 610 జీవో నేర్పిన లెక్కే ఇది. నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబర్ 30న ఆ జీవో వచ్చింది. గడువు పోయింది, ఏండ్లు పోయాయి, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. మన కుర్చీలో వేరేవాళ్లు కూసున్నారు, మనోళ్ల ప్రమోషన్లు ఆగాయి, మన పిల్లల కొలువులు పోయాయి అని కొట్లాడాం. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేశాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు కుర్చీలో వేరేవాళ్లు లేరు. కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా ప్రమోషన్ ఎందుకు రాదు?

సీనియారిటీ కేసులంటారు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ టీచర్ల ఏకీకృత సర్వీసు రూల్స్ పంచాయితీ ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. నిజమే. కానీ కేసు తేలేదాకా మండలం ఆగుతుందా? కోర్టు తీర్పుకు లోబడి ప్రమోషన్ ఇచ్చే పద్ధతి సర్కారుకు తెలియనిది కాదు. ఇన్‌చార్జితో చవకగా పని నడుస్తుంటే తొందర ఎవరికుంటుంది? 2021లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచినప్పుడు పై ఖాళీలు మూడేండ్లు ఆగాయి. ఆ మూడేండ్లలో సీనియారిటీ జాబితాలు సరిచేసుకుని ఉంటే 2024 నుంచి ఖాళీ అయిన కుర్చీలకు ఇన్‌చార్జిల అవసరమే ఉండేది కాదు.

మనోళ్లకూ ఒక మాట చెప్పాలి. ఇన్‌చార్జి కుర్చీ కోసం పైరవీ చేసేది మనలో కొందరే. సీనియర్‌ను పక్కన పెట్టి జూనియర్ ఆ బోర్డు తగిలించుకుంటే సంఘాలు చూసీ చూడనట్టు ఉంటున్నాయి. ఆ కుర్చీ ఇచ్చినవాడు ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. అందుకే ఇన్‌చార్జి నోరెత్తడు. సర్కారుకు కావాల్సింది కూడా ఆ మౌనమే.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. రాతపూర్వక ఆర్డర్ లేకుండా ఏ చార్జీ అప్పగించొద్దు. ఆ ఆర్డర్‌లో పూర్తి బాధ్యత అని, గడువు తేదీ, అలవెన్సు స్పష్టంగా రాయాలి. సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా నడిచే ప్యానెల్ ఇయర్ ప్రకారం ప్రతి ఏటా ప్రమోషన్ కమిటీ కూసోవాలి. ఎన్ని కుర్చీలు ఇన్‌చార్జిలతో నడుస్తున్నాయో ప్రతి శాఖా జాబితా బయటపెట్టాలి.

పెట్టకపోతే? 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. జిల్లా ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో ఒక దరఖాస్తు చాలు. మీ జిల్లాలో ఏ పోస్టు ఎంతకాలంగా ఇన్‌చార్జితో నడుస్తున్నదో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉద్యోగి అడగడానికి భయపడితే విద్యార్థి అడగాలి. ఆ ఖాళీ కుర్చీ ఇద్దరిదీ.