పాప కంట్లో తెల్లని మెరుపు

రెండేళ్ల పాపకు కన్ను కాస్త మెల్లగా ఉంటే "మెల్లకన్ను అదృష్టం లెండి" అంటారు ఇంట్లో పెద్దలు. దీపం వెలుగులో కంటిపాప పిల్లికన్నులా తెల్లగా మెరిస్తే "పెద్దయితే అదే పోతుంది" అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోకండి. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరుకు ఇవి తొలి గుర్తులు కావచ్చు. ఇది ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. మెల్లకన్నున్న వారందరికీ ఈ జబ్బు ఉండదు. కాని లేదని డాక్టరు చూసి చెప్పాలి, మనకు మనం అనుకుంటే చాలదు.

"పట్నం తీసుకెళితే కన్ను తీసేస్తారట కదండీ?" అని మా కొత్తవలస వైపు తల్లులు జంకుతారు. జబ్బు ముదిరితే ప్రాణం కోసం కన్ను తీయక తప్పదు. తొందరగా వస్తే కన్ను నిలబెట్టే మార్గాలున్నాయి. మందులు, లేసరు, క్రయో చికిత్స అలాంటివే. ఇంకొకటి ప్లేక్ బ్రాకీథెరపీ, అంటే గడ్డ పక్కనే ఉంచి ఇచ్చే రేడియేషన్.

బయటి యంత్రంతో కిరణాలు పంపితే చుట్టూ ఉన్న ఎముకలకూ తగులుతాయి. ఎదిగే పిల్లల ముఖం ఎముకలు సరిగా పెరగకపోవచ్చు. జబ్బు వంశపారంపర్యంగా వచ్చినవారికి తరువాత మరో క్యాన్సరు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. ప్లేక్ పద్ధతిలో ఈ బెడద చాలా తక్కువ. రుథేనియం-106 ఉన్న చిన్న వెండి బిళ్లను, మత్తు ఇచ్చి, గడ్డ ఉన్నచోట కనుగుడ్డు తెల్లపొర మీద కుడతారు. దాని కిరణాలు కొద్ది మిల్లీమీటర్ల లోతుకే పోతాయి. లెక్క ప్రకారం మోతాదు పూర్తికాగానే మళ్లీ మత్తు ఇచ్చి తీసేస్తారు. ఇలాంటి బిళ్లలను ఇప్పుడు మన భాభా అణు పరిశోధనా కేంద్రమే తయారుచేస్తోంది.

బిళ్ల తీశాక పాప ఒంట్లో రేడియేషన్ మిగలదు. నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. బిళ్ల ఉన్నన్నాళ్లు మాత్రం గర్భిణులు, చిన్నపిల్లలు దగ్గరకు రాకూడదు.

అందరికీ ఇది పనికిరాదు. గడ్డ చిన్నదై ఒకచోటే ఉన్నప్పుడు, లేదా మందుల తరువాత కొంత మిగిలినప్పుడు వాడతారు. తరువాత శుక్లం రావచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు. అందుకే డాక్టరు రమ్మన్నప్పుడల్లా వెళ్లాలి.

హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సరుకు ప్రత్యేక విభాగం ఉంది. ఆ సంస్థ ఆస్పత్రి విశాఖలోనూ ఉంది. కొత్తవలసలో రైలెక్కితే విశాఖ ఎంతో దూరం కాదు. చుక్కలు వేసి కంటిలోపల చూసే పరీక్ష ముందు అక్కడ చేయించండి. జబ్బు తేలితే తోడబుట్టిన చిన్నపిల్లల కళ్లూ చూపించండి. పసరు మందులతో, దిష్టి తీయడంతో గడిపే ప్రతి వారమూ ఆ గడ్డ పెరగడానికి ఇచ్చిన గడువేనని మరవకండి.